నల్ల ఇంజన్ వాపస్ వస్తదా?

ఈ ఖబర్ మీ ఫోనుకు కూడా వచ్చే ఉంటుంది. నల్లటి ఆవిరి ఇంజన్ ఫోటో, ముందు భాగాన బంతిపూల దండ, కింద ఉర్దూలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క. నిజాం జమానా నాటి అసలు ఇంజన్ కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల దాకా మళ్లీ నడవబోతోందట, టికెట్లు త్వరలో ఇస్తారట. మా ఖాందాన్ గ్రూపులోకి ఏడాదికోసారైనా ఇది తిరిగొస్తుంది. దాని కింద వరసగా మాషా అల్లాహ్‌లు. తారీఖు ఉండదు, హుకుంనామా నంబరు ఉండదు, చెప్పిన అఫ్సర్ ఎవరో ఉండదు.

నవ్వి వదిలేసేవాణ్నే. కానీ పోయినసారి మామూ ఫోన్ చేశారు. "బేటా, నువ్వు అఖ్బార్‌ల పనిచేస్తవ్ గదా, సచ్ ఏందో జర కనుక్కో. నిజమైతే ఒక్కపారన్న ఎక్కి పోదాం" అన్నారు. ఆయన వాలిద్, అంటే మా నానా మరహూం, ఆ లైన్లోనే ఫైర్‌మెన్. బొగ్గు భట్టీ ముందు నిలబడి నిలబడి ఆయన ముంజేతుల మీద వెంట్రుకలే లేకుండా పోయాయని ఇంట్లో చెప్పుకుంటారు. అటువంటి ఇంట్లో ఈ ఫార్వర్డ్ వట్టి తమాషా కాదు. సూరహ్ హుజురాత్‌లో ఏదైనా ఖబర్ వస్తే ముందు తహ్ఖీఖ్ చేసుకోమని ఉంది కదా, ఆ పని చేద్దామని కూర్చున్నా.

ముందు ఫోటో సంగతి. మా గ్రూపులో తిరిగే ఇంజన్‌కు ముక్కు గుండ్రంగా, తుపాకి గుండులాగా ఉంది, దాని నడుమ నక్షత్రం ఉంది. అది డబ్ల్యూ.పి. క్లాసు ఇంజన్. మన దేశంలో అవి 1947 నుంచి నడిచాయి. రైల్వే వాళ్ల లెక్కలో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, వై అంటే మీటర్‌గేజ్, జెడ్ అంటే నారోగేజ్. వై.పి., వై.జి. అని రాసి ఉన్నవి కూడా ఆజాదీ తర్వాత వచ్చినవే. కాబట్టి ఇంజన్ పక్కన ఈ అక్షరాలు కనబడితే, కింద ఎవరేం రాసినా, అది నిజాం కొన్న ఇంజన్ కాదు.

రెండోది పట్టాల సంగతి. మహబూబ్‌నగర్ లైన్ పుట్టింది మీటర్‌గేజ్‌గా. రెండు పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. 1990ల్లో ఆ పట్టాలు పీకేసి బ్రాడ్‌గేజ్ వేశారు, ఇప్పుడు ఎడం 1676 మిల్లీమీటర్లు. నిజాం నాటి ఇంజన్ ఎక్కడో దొరికి, దాన్ని క్రేన్‌తో తెచ్చి ఇక్కడ పెట్టారనుకోండి, ఒకవైపు చక్రాలు పట్టా మీద ఉంటే రెండోవైపువి కంకరలో ఉంటాయి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబుల్ లైను, పైన కరెంటు తీగలు 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఆ దారిలోనే పోతోంది. పాత ఇంజన్‌కు కావలసిన నీళ్ల కాలమ్‌లు, బొగ్గు కుప్పలు, ఇంజన్ను మళ్లేసే గుండ్రటి టర్న్‌టేబుల్ ఈ దారి ఆవిరితో నడిచిన రోజుల సామాను.

కాబట్టి మామూకు జవాబు దొరికింది, అది అఫ్వాహ్. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ ఫార్వర్డ్‌లో ఇంకో మాట ఉంది, అది నన్ను ఆపనివ్వలేదు: "హమారే నిజాం కా తోహ్ఫా." మన నిజాం ఇచ్చిన కానుక. తోహ్ఫా అంటే ఇచ్చేవాడి జేబులోంచి రావాలి కదా. ఈ రైలు ఎవరి జేబులోంచి వచ్చింది?

రియాసత్‌లోకి మొదటి రైలు మొదటి సాలార్‌జంగ్ దీవానుగా ఉన్నప్పుడు వచ్చింది. బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను గుల్బర్గా, వాడీ, రాయచూర్ మీదుగా వెళ్లింది, హైదరాబాద్‌ను తాకలేదు. సికింద్రాబాద్‌లో అంగ్రేజ్ ఫౌజు ఉంది, దానికి రైలు కావాలి. వాడీ నుంచి సికింద్రాబాద్‌కు లైను వేశారు, ఖర్చు రియాసత్ నెత్తిన పడింది. 1874లో బండ్లు నడిచాయి. దాన్ని పొడిగించాలన్న ఆలోచన వచ్చేనాటికి ఖజానా చాలక, లండన్‌లో ఒక కంపెనీ పెట్టించారు. పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. మా స్కూల్లో తారీఖ్ పాఠం చదివినప్పుడు ఆ గ్యారంటీ ప్రయాణికులకేమో అనుకునేవాళ్లం. కాదు, లండన్ వాటాదార్లకు. వాళ్లు పెట్టిన పైసల మీద రాబడి తగ్గితే ఆ తక్కువను రియాసత్ భర్తీ చేస్తుంది. నూటికి 5 వడ్డీ, 20 ఏళ్లు. రియాసత్ ఖజానా నిండేది భూమిశిస్తుతో. అంటే పాలమూరులో వానలు పడినా పడకపోయినా అక్కడి రైతు కట్టిన దాంట్లోంచి లండన్ సాహెబులకు వడ్డీ.

ఈ ఒప్పందం మీద 1883లో హైదరాబాద్‌లో గొడవ లేచింది. ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ ఇంతెఖాల్ అయ్యారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా పిల్లవాడు. లైను వరంగల్ మీదుగా ఒకవైపు బెజవాడకు, ఇంకోవైపు చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు పోవాలి. అందుకే దాని పేరు చాందా రైల్వే స్కీము. షరతులేమిటో, అప్పెంతో, వడ్డీ ఎవరు కడతారో దస్తావేజులు బయటపెట్టమని, జనం చర్చించాకే సంతకాలు చేయమని కొందరు కమిటీగా కూడారు. వాళ్లలో ఒకరు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడు వాళ్ల నాన్న. ఇంకొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఆ మే నెలలోనే అఘోరనాథ్‌ను రియాసత్ సరిహద్దు దాటించారు. తర్వాత మళ్లీ రానిచ్చారనుకోండి. అడిగినవాళ్లు రైలు వద్దనలేదు. హిసాబ్ చూపించమన్నారు, అంతే. హైదరాబాద్‌లో జనం కూడి సర్కారును ఒక రాజకీయ సవాల్ అడగడం అదే మొదలని తారీఖ్ రాసేవాళ్లు చాలామంది అంటారు. మన పిల్లల పాఠాల్లో సాలార్‌జంగ్ ఉంటాడు, ముల్లా సాహెబ్ ఉండడు.

వాళ్ల భయం వట్టిదేం కాదని ఐదేళ్లకే తేలింది. రైలుతో పాటే గనుల హక్కులు కూడా లండన్ కంపెనీకి పోయాయి. ఆ వాటాల బేరంలో రియాసత్ తరఫున మాట్లాడిన పెద్ద అఫ్సర్, సర్దార్ దిలేర్‌జంగ్ అనే అబ్దుల్ హఖ్, తన జేబు కూడా నింపుకున్నాడని రచ్చయింది. 1888లో ఆ కథ బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దాకా పోయింది. మనవాడే, మన పేరువాడే. దాచుకోవలసిన పని లేదు.

లైను మాత్రం పడింది. బీబీనగర్, భువనగిరి, ఆలేరు దాటి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. నల్లగొండ జిల్లాకు రైలంటే చాలా కాలం ఆ ఉత్తరపు అంచే. నల్లగొండ పట్నంవాళ్లు తమ ఊళ్లో బండి ఎక్కాలంటే బీబీనగర్–నడికుడి లైను వచ్చే 1980ల దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి ఆవిరి ఇంజన్ల కాలం తీరిపోతోంది. అందుకే నల్లగొండ బంధువులకు పొగబండి యాది తక్కువ, పాలమూరు వాళ్లకు ఎక్కువ. ఇక ఏ చాందా పేరుతో ఇంత గొడవ జరిగిందో ఆ వైపు లైను, కాజీపేట నుంచి బల్లార్షాకు, 1929లో గానీ పూర్తి కాలేదు.

పాలమూరు లైను ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో మహబూబ్‌నగర్ చేరింది. కాచిగూడ స్టేషన్ కూడా ఆ ఏడాదిదే. గుంబజులు, మినార్లు, పర్దాలో వచ్చే బేగంలు ఎవరి కంటా పడకుండా బండెక్కడానికి విడి దారి. తర్వాత లైను కృష్ణ దాటి గద్వాలకు, తుంగభద్ర దాటి కర్నూలుకు, ద్రోణాచలానికి పోయింది. మీటర్‌గేజ్ ఎందుకంటే చవక: పట్టాలు తేలిక, మలుపులు ఇరుకుగా తీసుకోవచ్చు, వంతెనలు చిన్నవి. ఆ లైన్లో స్టేషన్ల పేర్లు వరసగా చదివితే చాలు, ఈ ఇలాఖా తారీఖ్ అంతా వస్తుంది. ఫలక్‌నుమా, ఉందానగర్, తిమ్మాపూర్, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల. షాద్‌నగర్‌లోని షాద్ మహారాజా కిషన్ పర్షాద్ తఖల్లుస్. దీవాను, ఉర్దూ షాయర్, పుట్టుక హిందువు. మహబూబ్‌నగర్ ఆరో నిజాం పేరు, అంతకుముందు అది పాలమూరు. వనపర్తి, గద్వాల సంస్థానాలు. వనపర్తి పక్కన ఆ 'రోడ్' ఏమిటంటారా, రైల్వే భాషలో దాని అర్థం ఊరు ఇక్కడ లేదు, దిగి బండి కట్టించుకోండి అని.

1930 ఏప్రిల్‌లో నిజాం సర్కారు లండన్ కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. పేరులోంచి 'గ్యారంటీడ్' పోయింది. రెండేళ్లకు ఆ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టింది. మనం నేడు ఆర్టీసీ అంటున్నది దాని సంతానమే. ఆ కాలంలో రియాసత్ మంచి పని చేసిందని నేను ఒప్పుకుంటా. సొంత రైల్వే, సొంత వర్క్‌షాపు, సింగరేణి బొగ్గు.

ఇక్కడ ముల్లా అబ్దుల్ ఖయ్యూం దగ్గరికి మళ్లీ పోవాలి. ఆయన కథలో రెండో రైలు ఉంది, అది ఇంకా దూరపుది. 1900లో ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ హమీద్ డమాస్కస్ నుంచి మదీనాకు హాజీల కోసం రైలు వేస్తానని ఎలాన్ చేశాడు. అప్పు తేకుండా ముస్లింల చందాలతో వేస్తానన్నాడు. హిందుస్తాన్‌లో చందాలు పోగుచేసిన పెద్దల్లో హైదరాబాద్ ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముందు వరసలో ఉన్నారు. చాందా రైలుకు హిసాబ్ అడిగిన మనిషి హిజాజ్ రైలుకు చందా పట్టారు. మాటల్లో తేడా ఒక్క దీర్ఘమే. కానీ నాకు ఇందులో ఆయన మారినట్టు కనబడదు. మొదటిదాంట్లో జనం పేరు చెప్పి జనానికి తెలియకుండా అప్పు చేశారు, రెండోదాంట్లో ఎవరిచ్చింది ఎంతో, ఎందుకో ముందే చెప్పి అడిగారు.

హిజాజ్ రైలు 1908లో మదీనా చేరింది, దాదాపు 1300 కిలోమీటర్లు. ఎనిమిదేళ్లు గడిచాయో లేదో జంగ్‌లో అరబ్ దళాలు, వాళ్లతో లారెన్స్ అనే అంగ్రేజ్ అఫ్సర్, పట్టాల కింద బారూదు పెట్టి పేల్చారు. సుల్తనత్ ముక్కలయ్యాక దక్షిణపు భాగం ఇసుకలో మిగిలిపోయింది. అది మళ్లీ నడుస్తుందన్న ఖబర్లకు వందేళ్లు. 1960ల్లో నిజంగానే పని మొదలుపెట్టారు, 1967 జంగ్‌తో ఆగిపోయింది. మదీనా స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. ఉమ్రాకు వెళ్లే మనవాళ్లు కొందరు అక్కడి పాత ఇంజన్ పక్కన ఫోటో దిగి వస్తారు. ఆ ఇనుములో హైదరాబాద్ రియాసత్ ముస్లింల పైసలు కూడా కలిసి ఉన్నాయని తెలిసి దిగేవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

మరి ఆవిరి ఇంజన్ వాపస్ రావడం ఎక్కడా జరగలేదా అంటే, జరిగింది. లీడ్స్‌లో 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ 1909లో రిటైరైంది, దశాబ్దాల పాటు ప్రదర్శన బొమ్మగా నిలబడింది, 1997లో మళ్లీ ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు నడిచింది. లాగింది 60 మంది కూర్చునే ఒక బోగీ, దాని వెంట సామాను బండి. తర్వాత విడిభాగాలు దొంగల పాలై మూలపడింది, మరమ్మతు చేయించి 2017లో మళ్లీ తెచ్చారు. మీటర్‌గేజ్‌కు నీలగిరి ఉంది. మేట్టుపాళయం నుంచి కూనూరు కొండెక్కే బండిని ఈనాటికీ ఆవిరి ఇంజనే నెడుతుంది, దానికి కావలసిన కొత్త ఇంజన్లను తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో తయారు చేస్తారు. అక్కడ పాత పట్టా అలాగే ఉంది, కాబట్టి ఇంజన్ ఉంది. ఇలాంటివి నడవాలంటే బాయిలర్ విప్పాలి, తుప్పు పట్టిన గొట్టాలన్నీ మార్చాలి, నీళ్లు నింపి పీడనం పెట్టి పరీక్షించాలి, ఏటేటా తనిఖీ కావాలి. బాయిలర్ పేలితే నడిపేవాడు మిగలడు. పూలదండ వేసి ఫోటో తీసినంత తేలిక కాదు.

మన లైన్ను బ్రాడ్‌గేజ్ చేసి ఉండకూడదంటారా? నేను అనను. గేజ్ మారే చోట గూడ్సు సరుకంతా దించి మళ్లీ ఎక్కించాలి, మనుషులు మూటలతో బండి మారాలి. దేశమంతా డ్యాములు, కాలువలు తవ్విన పాలమూరు మజ్దూర్లకు ఆ మార్పిడి ఎంత మొయ్యలేని పనో వాళ్లకే తెలుసు. వాళ్ల మూటల ముందు మన మీఠీ యాదేం పెద్దది కాదు.

అసలు ఆ యాదిలోంచి మనం తీసేసిన పేజీ ఇంకొకటుంది. 1956 సెప్టెంబర్ మొదట్లో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వరదకు వంతెన కూలి రైలు వాగులో పడింది. నూటికి పైగా మనుషులు పోయారు. దానికి రెండేళ్ల ముందు, 1954 సెప్టెంబర్ చివర్లో, పాత నల్లగొండ జిల్లా తాలూకా అయిన జనగామ దగ్గర యశ్వంతపూర్ వాగు మీద కూడా అట్లాగే జరిగింది, అప్పుడూ నూటికి పైగానే. రెండూ సెప్టెంబర్ వానలే. మహబూబ్‌నగర్ ప్రమాదానికి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఇస్తీఫా ఇచ్చారు, నెహ్రూ తీసుకోలేదు. ఆ నవంబర్‌లో తమిళదేశంలో అరియలూరు దగ్గర ఇంకో బండి వరదలో పోయింది. శాస్త్రి మళ్లీ ఇస్తీఫా ఇచ్చారు, ఈసారి నెహ్రూ ఒప్పుకున్నారు. దేశమంతా ఈ కథను శాస్త్రిగారి నిజాయితీ కోసం చెప్పుకుంటుంది, ఆయనకు అది హఖ్‌గా రావలసిన ఇజ్జత్తే. పాలమూరులో మాత్రం ఎవరింట్లో ఎవరు పోయారో అడిగేవాళ్లు తగ్గిపోయారు. మా నానీ ఆ రాత్రి గురించి ఒక్కటే చెప్పేది: నానా డ్యూటీ మారి వేరే బండి మీద ఉన్నారని తెల్లారాక తెలిసిందట, అప్పటిదాకా ముసల్లా మీదే కూర్చుందట. ఫార్వర్డ్‌లోని నల్ల ఇంజన్ మీద ఈ మరకలుండవు, కడిగి తళతళలాడించిన ఇంజన్ అది.

ఇంజన్ రాదు గానీ రావలసినవి వేరే ఉన్నాయి. ఆవిరి బండ్ల మీద చివరి రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా చేరిన ఫైర్‌మెన్లు ఇప్పుడు డెబ్భై దాటారు. లాలాగూడలో, కాజీపేటలో, కాచిగూడలో, మహబూబ్‌నగర్ స్టేషన్ వెనుక మొహల్లాల్లో వాళ్లున్నారు. వాళ్లకంటే ముందు తరం వాళ్ల ఉర్దూ సర్వీసు కాయితాలు, పాసులు, ఇత్తడి బిళ్లలు ఏ ఇనుప పెట్టెల్లోనో ఉన్నాయి. సఫేదీ వేసే రోజున కబాడీవాడికి పోతున్నాయి. మీ ఇంట్లో అటువంటి సామాను ఉంటే దాని ఫోటో తీయండి. వెనకాల ఎవరిదో, ఏ ఊరి షెడ్డో రాసి పెట్టండి, దాదీలు, నానీలు చెప్పగలిగినప్పుడే. చేతి లాంతరు గానీ గార్డు విజిల్ గానీ దొరికితే దాని మీద కొట్టిన అక్షరాలు చూడండి. ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే 1930కి ముందు, లండన్ కంపెనీ రోజులది. ఎన్.ఎస్.ఆర్. అంటే 1930 నుంచి 1950 మధ్య, నిజాం సొంత రైల్వేది. సి.ఆర్. అని ఉంటే 1951 తర్వాత సెంట్రల్ రైల్వేది. ఎస్.సి.ఆర్. అయితే 1966 అక్టోబర్ తర్వాతది.